ఏకాంతానికి కాపలా

ఒకరి ఏకాంతాన్ని కాపాడడానికి అక్కడ ఒక కన్నును కాపలా పెట్టడం న్యాయమా? పైకి ఇది మాటల చమత్కారంలా కనిపిస్తుంది. ఎవరూ చూడకుండా వుండడమే ఏకాంతం గదా, దానికి చూసేదాన్నే కాపలా పెట్టడమేమిటని అనిపిస్తుంది. కాని ఈ ప్రశ్న పుస్తకాల్లో పుట్టలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో అద్దె గదుల్లో కలిసి బతికేవాళ్ళ మధ్య పుట్టింది.

సూర్యాపేట 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయింది. 2019లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. కోదాడలో కళాశాలలు, దాని చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వున్నాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణం. ఈ మూడు చోట్లకూ చదువుకోసం, వుద్యోగంకోసం, కూలికోసం జనం వస్తారు. చాలామందికి ఒక్కరి జీతానికి ఒక ఇల్లు అందదు. ముగ్గురు నలుగురు కలిసి ఒక పోర్షను తీసుకుంటారు. వంటగది అందరిదీ, స్నానాలగది అందరిదీ, పడకగది మాత్రం ఎవరిది వారిది. ఆ 'ఎవరిది వారిది' అన్న మాట ఎంతవరకు నిజం అన్నదే ఇక్కడ మన చర్చ.

నాకు తెలిసిన ఒక నర్సు సూర్యాపేటలో అటువంటి పోర్షనులో వుంటుంది. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చేసరికి ఆమె గదిలో పెట్టె జరిగి వుండేది, పక్క నలిగి వుండేది. పోయిన వస్తువేమీ లేదు. తోటివాళ్ళను అడిగితే మేము రాలేదన్నారు. ఇంటి ఓనరును అడిగితే, "నా ఇల్లు నేను చూసుకోవద్దా బిడ్డా?" అన్నాడు. గదికి రెండో తాళంచెవి ఆయన దగ్గర వుంది. తాళం మార్చుకుంటానంటే, తలుపు పాడవుతుందని ఒప్పుకోలేదు. ఆమె రెండు వేల లోపు ఖరీదుచేసే చిన్న కెమెరా ఒకటి కొని, తలుపుకు ఎదురుగా అల్మారా మీద పెట్టింది. ఇల్లంతా గగ్గోలయింది. "మమ్ముల దొంగలంటవా?" అన్నారు తోటివాళ్ళు. ఇంట్లో కెమెరా పెట్టడానికి నువ్వెవరన్నాడు ఓనరు. విచిత్రమేమంటే, ఆ ఓనరు వరండాలో అప్పటికే రెండు సీసీ కెమెరాలు వున్నాయి. వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఈ విచిత్రంలోనే సమస్య అంతా వుందని నా అభిప్రాయం. ఆస్తిగలవాడు పెట్టిన కన్ను భద్రత అయింది. అద్దెకున్నామె పెట్టిన కన్ను అవమానం అయింది. యంత్రం రెండుచోట్లా ఒకటే. అది ఎవరి చేతిలో వున్నదో, ఎవరి వైపు తిరిగి వున్నదో మాత్రమే వేరు.

మనలో కొందరు అభ్యుదయవాదులకు అసలు ఏకాంతమన్న మాటే నచ్చదు. అది డబ్బున్నవాళ్ళ విలాసమనీ, మన తాతలు ఒక్క కప్పు కింద పాతికమంది బతికారనీ, అందరూ కలిసి వుండడమే సమష్టి జీవితమనీ వాదిస్తారు. ఈ వాదం చరిత్రకు నిలవదు. ఆ పాతికమంది ఇంట్లో పెద్దాయనకు వేరే గది వుండేది. కోడలికి లేదు. ఆమె ఏడవాలన్నా పొయ్యి పొగ చాటు వెతుక్కోవలసిందే. ఊళ్ళో చూసినా అంతే. దేశముఖుల గడీల గోడలు ఎంత ఎత్తో ఈ ప్రాంతంవాళ్ళకు చెప్పనక్కరలేదు. గడీలోపలివాడు వూరినంతా చూసేవాడు, వూరు గడీలోపలికి చూడలేదు. రైతు గుడిసెకు తడిక వున్నా లేనట్టే. దొర మనిషి ఏ వేళనైనా వచ్చి వెట్టికి లేపుకుపోయేవాడు. గడీలోని ఆడబాపకు తన పడక మీద సరే, తన వొంటి మీదనే హక్కు లేదు. 1946 నుంచి 1951 దాకా సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు కేంద్రంగా జరిగిన పోరాటం భూమికోసం, వెట్టి రద్దుకోసం జరిగిందని చెప్పుకుంటాం. పేదవాడి గుమ్మం కూడా గుమ్మమే అన్న మాట ఆ కోరికలన్నిటి అడుగునా వుందని నేననుకుంటాను. కాబట్టి ఏకాంతం విలాసం అన్నది నిజం కాదు. దాన్ని కొద్దిమంది చేతుల్లో విలాసంగా మార్చారన్నది నిజం.

న్యాయస్థానాలు ఈ సంగతి గ్రహించడానికి చాలాకాలం పట్టింది. ఖడక్ సింగ్ అనే ఆయనను దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన తర్వాత కూడా ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘాలో పెట్టారు, రాత్రివేళ తలుపు తట్టి లేపేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టివేసింది గాని, ఏకాంతం ప్రాథమిక హక్కు కాదన్నది. అప్పుడు దాన్ని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని విడిగా తీర్పు రాసినవాడు రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ మాట దేశానికి అంగీకారం కావడానికి 55 యేళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతం ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఈ మధ్యకాలంలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే ఇంకో అడుగు పడింది. భార్యను కాపురానికి పంపమని కోర్టు ఉత్తరువివ్వడం ఆమె ఏకాంతాన్నీ, శరీర స్వేచ్ఛనూ భంగపరచడమేనని 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనును కొట్టివేశాడు. మరుసటి యేడే సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ సెక్షను చెల్లుతుందన్నది. అయినా పడకగది గుమ్మం దగ్గర రాజ్యం కూడా ఆగాలన్న ఆలోచన మాత్రం చెరిగిపోలేదు.

రాజ్యమే ఆగవలసిన గుమ్మం దగ్గర ఇంటి ఓనరు ఆగనక్కరలేదా? తోటి అద్దెదారు ఆగనక్కరలేదా?

ఇక రెండో వాదం: "తప్పు చేయనివాడికి కెమెరా అంటే భయమెందుకు?" ఈ మాట మనకు బాగా అలవాటయింది. 2013లో ఉమ్మడి రాష్ట్రం చేసిన ప్రజాభద్రతా చట్టం, 100 మందీ అంతకుమించీ చేరే సంస్థలకు సీసీ కెమెరాలు తప్పనిసరి చేసింది. దుకాణంలో, బస్టాండులో దానికి అర్థం వుంది. అక్కడికి మనం పదిమందిలో వుండడానికి సిద్ధపడే వెళ్తాం. పడకగదిలో మనిషి దాచుకునేది తప్పును కాదు. అలసటను, జబ్బును, కన్నీళ్ళను, చినిగిన బట్టను, ఒక వుత్తరాన్ని దాచుకుంటాడు. ఇవి నేరాలు కావు గనుక వీటిని చూపించవచ్చునని ఏ బుద్ధిమంతుడూ అనడు. ఏకాంతం ఒక హక్కు అన్న ఆలోచనకు కూడా కెమెరా ఒక కారణం. 1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు, అడగకుండా ఫోటోలు తీసే కెమెరాలనూ, ఇంటి గుట్టును అచ్చువేసే పత్రికలనూ చూసి, ఏకాంతపు హక్కు గురించి వ్యాసం రాశారు. ఆనాడు దాడిచేసిన ఆయుధాన్నే ఈనాడు కాపలాకు పిలుస్తున్నాం.

పిలిస్తే అది నిజంగా కాపలా కాస్తుందా? గొళ్ళెం మనిషిని ఆపుతుంది. కెమెరా ఆపదు. వచ్చినవాడు వచ్చిపోయినట్టు సాక్ష్యం మాత్రం చెబుతుంది. నర్సు ఫోనుకు కబురు అందేసరికి చూడదలచుకున్నవాడు చూసేశాడు. పైగా సాక్షికి జీతమివ్వాలి. ఆ జీతం ఆమె ఏకాంతంలో ఒక ముక్క. బొమ్మలు తన గదిలోనే వున్న చిన్న కార్డుమీద నిలవచేస్తే కొంత నయం. ఎక్కడో వున్న కంపెనీ యంత్రంలోకి పోతే, ఒక ఓనరు చూడకూడదని మరో ఓనరుకు చూపించినట్టే. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో భద్రతకోసమని పెట్టిన కెమెరాల దృశ్యాలు దొంగల చేతుల్లో పడి, స్త్రీల దేహాలు అంగడి సరుకయ్యాయి. తాళంచెవి పోతే ఒక్క తలుపే తెరుచుకుంటుంది. కెమెరా పాస్‌వర్డు పోతే గది లోకానికంతా తెరుచుకుంటుంది.

అట్లాగని నేను ఆ నర్సును తప్పుపట్టను. గొళ్ళెం హక్కు లేనివాళ్ళకు సాక్షి కూడా వుండవద్దనడం బలవంతుడి పక్షం వహించడమే. ఆమె గుమ్మం ఆమె కాచుకుంటున్నది. అయితే ఆ కన్నుకు కొన్ని హద్దులు వుండాలి. అది తన గదిలోపల వుండి తన తలుపునే చూడాలి. తలుపు తెరిస్తే కనిపించే నడవా, స్నానాలగది దారి, అవతలివాళ్ళ గుమ్మం దాని చూపులో పడకూడదు. మాటలు పట్టకూడదు. కెమెరా వున్నదని అందరికీ ముందే చెప్పాలి, ఎందుకంటే దొంగచాటు కన్ను కాపలా కాదు, వల. గదిలో తానుండగా దాన్ని ఆపివేయాలి. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పడుకునేచోట అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు వద్దన్నా తీసెయ్యాలి. ఇక్కడ మెజారిటీ లెక్క చెల్లదు, ఏ ఒక్కరి దేహమూ ఓట్లకు పెట్టే వస్తువు కాదు గనుక. బట్ట మార్చుకుంటున్న స్త్రీని చాటుగా చిత్రించడం భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను కింద నేరం. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ళ శిక్ష.

కలకత్తాలో ఉమ్మడి ఇంట్లో వుంటున్న ఇద్దరు అన్నదమ్ముల తగాదా 2025లో అక్కడి హైకోర్టుకు వచ్చింది. కలిసి వుంటున్నవాళ్ళ అంగీకారం లేకుండా నివాసం లోపల కెమెరాలు నడపరాదని కోర్టు చెప్పింది. ఆ మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చడానికి నిరాకరించింది. సూర్యాపేట ఓనరు వరండా కెమెరాలను కూడా ఈ గీటురాయి మీదనే పరీక్షించాలి. వీధి గేటును చూసే కెమెరా వేరు. ఏ గదిలోకి ఎవరు ఎన్ని గంటలకు వచ్చారో లెక్కపెట్టే కెమెరా వేరు. ఇల్లు అతనిదే కావచ్చు. అద్దె పుచ్చుకున్న తర్వాత ఆ ఇంట్లోని బతుకు అతనిది కాదు.

ఈ చర్చ ఇంతటితో ముగిస్తే సగం మాటే చెప్పినట్టవుతుంది. కెమెరా పెట్టుకోవడానికైనా ఒక తలుపు కావాలి. మిర్యాలగూడ మిల్లులకు బీహారు నుంచి వచ్చిన హమాలీలు ఒక్క రేకుల గదిలో పదేసిమంది పడుకుంటారు. వాళ్ళలో ఒకడు ఇంటికి ఫోను చేసి భార్యతో నాలుగు మాటలు మాట్లాడాలంటే ధాన్యం బస్తాల వెనక్కు పోవాలి. అతనికి ఏ కెమెరా ఏకాంతం ఇస్తుంది? సొంత కాపలాతో సమస్య తీరుతుందనుకునేవాళ్ళు ఇతన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కాబట్టి కెమెరాను తాత్కాలికమైన ఆయుధంగా ఒప్పుకుందాం, పరిష్కారంగా మాత్రం ఒప్పుకోవద్దు. అద్దెకున్నవాళ్ళు కలిసి అడగవలసినవి చాలా చిన్న సంగతులు: ప్రతి గదికీ లోపల గొళ్ళెం, బయట తమ తాళం, తాము లేనప్పుడు ఎవరూ రాకూడదన్న షరతు అద్దె కాగితంలో. 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టం, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలంటున్నది. నమూనా నమూనాగానే వుంటే లాభం లేదు, రాష్ట్రాలు దాన్ని చట్టం చేయాలి. మిల్లు కార్మికుడికి పడుకోవడానికి చోటే కాక, మరుగు కూడా కూలి షరతుల్లో చేరాలి.

తోటివాళ్ళతో చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ ఇంటి స్త్రీలు నర్సుమీద కోపగించుకున్నారు గాని, వాళ్ళ గదుల తాళంచెవులు కూడా ఓనరు దగ్గరే వున్నాయి. అనుమానం వాళ్ళను వేరుచేసింది, తాళంచెవి వాళ్ళను ఒకటి చేయవలసింది. ఇతరుల తలుపు ముందు ఆగి పిలిచే అలవాటు ఏ యంత్రమూ నేర్పదు. తన తలుపుకు విలువ దక్కినవాడికే అవతలి తలుపు విలువ తెలుస్తుంది. అందరికీ తలుపు దక్కేవరకు కొందరు కెమెరాలు పెట్టుకుంటూనే వుంటారు. వాళ్ళను చూసి నొచ్చుకునే బదులు, వాళ్ళకు ఆ అవసరం ఎందుకొచ్చిందో అడగడం మన పని.