ఛాయాచిత్రములో లేనివాడు

విజయవాడ

చిరంజీవియగు మనుమనికి తాత దీవించి వ్రాయునది.

నీవు పంపిన ఛాయాచిత్రము నిన్న చేరినది. మీ అత్త తన ఫోనులో దానిని పెద్దది చేసి చూపగా, కంటి అద్దములు రెండుమార్లు తుడుచుకొని చూచితిని. కంపెనీ యజమాని చేతినుండి జ్ఞాపిక నందుకొనుచున్నావు. మెడలో బంతిపూలదండ, భుజముపై శాలువ, వెనుక గోడకు ‘ఈ సంవత్సరపు ఉత్తమ డ్రైవరు’ అని పెద్ద అక్షరముల బ్యానరు. మన వంశమున స్టీరింగు పట్టినవారు నలుగురు గాని, శాలువ కప్పించుకొన్నవాడవు నీవొక్కడవే. సంతోషించితిని, వీధిలో కనబడినవారికెల్ల చూపితిని కూడ. అయితే రాత్రి నిద్రపట్టక ఆ చిత్రమునే తలచుకొనుచుండగా, అందులో ఉన్నవారి సంగతి మరుగునపడి, లేనివాడొకడు కన్నుల ముందు నిలువసాగెను. నీతో బండి నడుపు ఆ సెకండ్ డ్రైవరు ఏడి?

నా వ్రాత పాతవాసన వేయునని నీవు మీ అత్తతో అన్నట్లు తెలిసినది. వేయును. నేను బడిలో చదివినది అయిదవ తరగతి. తక్కిన చదువంతయు ఇచ్ఛాపురము చెక్‌పోస్టు దగ్గరను తడ చెక్‌పోస్టు దగ్గరను వరుసలో నిలిచిపోయిన బండిలో కూర్చుండి, పాతకాగితముల దుకాణమున తూకమునకు కొన్న ‘భారతి’ సంచికలను స్టీరింగుపై ఆనించుకొని చదివినదే. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చి ఆ వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేయబడినవి. మీ తరము వారికి రాత్రులు కలిసివచ్చినవి, చదువు మాత్రము తప్పిపోయినది. సరే, విషయమునకు వచ్చెదను.

కైకలూరులో మంచుపొరల నడుమ చేపల పెట్టెలు సర్ది, పైన పట్టా కప్పి, తాళ్ళు బిగించి మీ బండి కదలిన క్షణము మొదలు హౌరాలో సరుకు దింపువరకు గల దారి వేయి కిలోమీటర్లకు మించినది. మంచు కరగుట ఎవరికొరకును ఆగదు. గోదావరి దాటి, అనకాపల్లి దాటి, శ్రీకాకుళము దాటి, చిలికా సరస్సు నీటిగాలి క్యాబినులోనికి వీచు వేళకు మొదటివాని కనురెప్పలు బరువెక్కును. అప్పుడు వెనుక బల్లపై పడుకొన్న రెండవవాడు లేచి, సీసాలోని నీళ్ళు ముఖమున చల్లుకొని, ఒక్కమాటయు లేక వచ్చి సీటులో కూర్చుండును. తెల్లవారుజామున రెండు మొదలు అయిదు వరకు గల ఆ మూడు గంటలను మేము యమునితో పందెము అనెడివారము. ఆ వేళ రోడ్డు తిన్నగా ఉండును, గాలి చల్లగా ఉండును, ఇంజను చప్పుడు జోలపాటవలె నుండును, ఈ మూడును కలసి ఎందరినో తీసికొనిపోయినవి. నీ సెకండ్ డ్రైవరు ఆ మూడు గంటలను కోరి పుచ్చుకొనుచున్నాడని, ‘నువ్వు పడుకో తమ్ముడూ, నాకు ఎలాగూ నిద్ర రాదు’ అనునని, సంక్రాంతికి వచ్చినప్పుడు నీవే కదా చెప్పితివి!

ఈ బహుమానమునకు లెక్క ఎట్లు కట్టిరని మీ అత్తచేత అడిగించితిని. బండిలో అమర్చిన జి.పి.ఎస్. యంత్రము చెప్పిన మార్కులను బట్టి అంటివి: వేగము హద్దు మీరలేదు, బ్రేకు హఠాత్తుగా తొక్కినది లేదు, డీజిలు వృథాపోలేదు, సరుకు వేళకు చేరినది. మంచిదే, మా కాలమున మంచి డ్రైవరెవరో తేల్చుటకు బ్రోకరు ఆఫీసు అరుగుపై కూర్చున్నవారి నోరే ప్రమాణము, ఆ నోటికి టీ పోయించినవాడే ఉత్తముడు. కాని నాయనా, ఆ యంత్రమునకు బండి వేగము తెలియును గాని యాక్సిలరేటరుపై నున్న పాదము ఎవరిదో తెలియదు. ట్రిప్ షీటులో మొదటి వరుసన నీ పేరుండుటచేత మార్కులన్నియు నీ పద్దున పడినవి. చిలికా నుండి బాలేశ్వరము వరకు ప్రతి రాత్రియు హద్దు మీరక సాగిన ఆ వేగము అతనిది. ఇది యజమానికి తెలియకపోవచ్చును, ఆఫీసులో కూర్చున్న గుమస్తాకు అంతకంటెను తెలియకపోవచ్చును. ఆ వేదికపై నిలిచినవారిలో తెలిసినవాడవు నీవొక్కడవు.

మోటారు రవాణా కార్మికుల కొరకు 1961లో పార్లమెంటు ఒక చట్టము చేసి, సాధారణముగా రోజునకు 8 గంటలకును వారమునకు 48 గంటలకును మించి పని చేయింపరాదనియు, నడుమ అరగంటయైనను విశ్రాంతి ఈయక ఎడతెగక 5 గంటలకు మించి పని చేయింపరాదనియు విధించినది. నా కాలమున ఆ చట్టమును దేవుని పటమువలె గోడకు తగిలించి, దానికి వీపు త్రిప్పి కూర్చుండెడివారు. ఒంటిగా నలుబది గంటలు నడిపినవానిని ‘మొనగాడు’ అని మెచ్చుకొనుట మా ఆచారము. ఆ మెప్పు ఎందరి పిల్లలను తండ్రి లేనివారిని చేసెనో నేను లెక్క వ్రాయలేదు. మీ కంపెనీవారు దూరపు దారికి ఇద్దరిని పంపుచున్నారనుట నాకు మిక్కిలి తృప్తి కలిగించినది. ఇద్దరిని పంపు బుద్ధి కలవారికి, ఇద్దరిని పిలిచి శాలువ కప్పుడని గుర్తుచేసినచో కోపము రాదని నా నమ్మకము.

ఈ మాట చెప్పుటకు నాకు అర్హత లేదు. ఎందుకు లేదో, మన ఇంట మీ నాయనమ్మకు తప్ప ఎవరికిని చెప్పనిది, నేడు నీకు వ్రాయుచున్నాను.

డెబ్బదుల నాటి మాట. భిలాయిలో తొమ్మిది టన్నుల ఇనుపకడ్డీలు ఎక్కించుకొని జగదల్పూరు, కోరాపుట్ మీదుగా సాలూరు ఘాటు దిగుచుంటిని. ఓనరు అప్పులుచేసి కొన్న కొత్త లారీ. ప్రక్కన క్లీనరు, పార్వతీపురము వైపు కుర్రవాడు, పదునెనిమిదేండ్లుండును, ఖాళీ బండి దొరికినప్పుడెల్ల నా ప్రక్కన గేరు వేయుట నేర్చుకొనుచు, మరి రెండేండ్లలో లైసెన్సు తీయవలెనని కలలు కనుచుండెడివాడు. ఆ రోజులలో ట్రిప్పునకు ఇంతయని డీజిలు లెక్కకట్టి ఇచ్చెడివారు. మిగిల్చినదానిని దారిలో అమ్ముకొనుట మాలో చాలమందికి చెడ్డ అలవాటు. ఘాటు దిగునప్పుడు గేరు తీసి న్యూట్రలులో వదలినచో బండి తన బరువుకు తానే దొర్లును, డీజిలు మిగులునని మా లెక్క. అయితే ఇంజను పట్టు తప్పిపోవుటచే భారమంతయు బ్రేకుల మీద పడును. ఇది ఎరుగనివాడను కాను. ఎరిగియే అయిదారు లీటర్లకు ఆశపడితిని.

నాలుగవ మలుపో అయిదవ మలుపో దాటగనే లైనర్లు కాలు వాసన ముందు వానికే తగిలినది. ‘అన్నా, వాసనొస్తంది, గేరెయ్యి’ అన్నాడు. ‘నాకు నేర్పొచ్చావా’ అంటిని. మరి రెండు మలుపులు తిరుగులోపల పెడలు దూదిపై కాలు మోపినట్లు క్రిందికి దిగిపోయినది. గేరు వేయబోయిన పండ్లు కరకరలాడెనే గాని పడలేదు. వెనుక తొమ్మిది టన్నుల కడ్డీలు, ముందు లోయ. నా చేతులు కొయ్యబారిపోయినవి. ‘కొండ వైపు కొయ్యన్నా, కొండ వైపు’ అని వాడరచిన అరపుతో నాకు స్పృహ వచ్చి స్టీరింగు కోసితిని. బండి కొండగోడను గీచుకొనుచు కాలువలో ఒకవైపు చక్రములు దిగి, వేగము తగ్గినదే గాని ఆగలేదు. వాడు తలుపు తెరచి దూకి, కాళ్ళ దగ్గర ఎప్పుడునుండు చెక్కతో ప్రక్కన పరుగెత్తి, వెనుక చక్రము క్రింద దానిని నెట్టినాడు. మొదటిమారు చెక్క జారిపోయినది, రెండవమారు నిలిచినది. బండి ఆగిన తరువాత, ఆ కొండ నిశ్శబ్దములో, వాని కేక వింటిని. కుడిచేతి చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును చెక్కకు చక్రమునకు నడుమ నలిగిపోయినవి.

పదిరోజుల పిమ్మట ఓనరు మమ్ములను ఇంటికి పిలిపించెను. లారీకి గీతలు తప్ప దెబ్బలేదు, సరుకు ఒక్క కడ్డీ తరుగలేదు. ‘బ్రేకు పోయిన బండిని కొండకు ఆనించి నిలిపినవాడు మామూలు డ్రైవరు కాడు’ అని నలుగురి ఎదుట పొగడి, హెచ్.ఎమ్.టి. చేతిగడియారమును స్వయముగా నా ముంజేతికి కట్టెను. క్లీనరు చేతికట్టు వైపు చూచి, ‘వీడూ ఉడుతాభక్తిగా ఏదో చేశాడట’ అని ఇరువది రూపాయలు ఇప్పించెను. తన చెయ్యి తాను చూచుకొనలేనివానికి స్టీరింగు ఎట్లు ఇచ్చెదమని కూడ అనెను. నేను ప్రక్కనే ఉంటిని. గేరు నేనే తీసితినని చెప్పలేదు. కొండ వైపు కోయుమన్నది వాడని చెప్పలేదు. గడియారము టిక్కుటిక్కుమనుట మాత్రము స్పష్టముగా వినబడినది. ఉడుతాభక్తి అను మాట మన భాషలో ఎంత ముద్దైనదో, పెద్దల నోట అంత క్రూరమైనది. వారధి కట్టినవారిని వానరులని చెప్పి, బండిని ఆపినవానిని ఉడుత యనిపించును.

వాడు కొన్ని నెలలకు లారీ పని మానివేసెను. నాకు మంచి డ్రైవరను పేరు వచ్చెను; ఆ పేరుమీద కొత్త బండ్లు వచ్చెను, మీ తండ్రి చదువు వచ్చెను. ఒక్కటి చెప్పవలెను: ఆనాటి తరువాత ఘాటులో గేరు తీయలేదు, కొలిచి ఇచ్చిన డీజిలులో చుక్క అమ్ముకొనలేదు. నిజాయితీ అని దీనిని మెచ్చుకొనకుము. భయమునకును సిగ్గునకును పుట్టిన బిడ్డ ఇది. అయినను బిడ్డ బ్రతికినది, అంతవరకు మేలు.

మీ క్యాబిను సంగతికి వచ్చెదను. కర్ణుని రథము తోలిన శల్యుడు గుఱ్ఱముల విద్యలో శ్రీకృష్ణునికి సాటివచ్చువాడు. అతనికి పనితనము కొరవడలేదు, మనస్సు రథమునందు లేదు, అంతే. అందుచేతనే శల్యసారథ్యమను మాట నేటికిని మన నోళ్ళలో నిలిచినది. నీ సెకండ్ డ్రైవరు శల్యుడు కాడు. కాని నీ మెడలోని దండను అతడు ఏ మూలనో కుర్చీలో కూర్చుండి చూచియుండును. చప్పట్లు కూడ కొట్టియుండును. అతడు నిన్నేమియు అడుగడు. అడుగనివాని మనస్సున ఏమి గూడుకట్టుకొనునో రెండుగంటల వేళ రోడ్డుమీద తెలియవచ్చును, అప్పుడు తెలియుటవలన ప్రయోజనము లేదు. ఎదుటి బండి లైటు కంటిలో పడినప్పుడు ‘చూసుకో’ అని ఒక్క అరక్షణము ముందు చెప్పుటకును ఒక్క అరక్షణము వెనుక చెప్పుటకును గల భేదము ఏ యంత్రమునకును అందదు.

ఇట్లని శాలువకే ఇంత విలువ కట్టుచున్నానని అనుకొనకుము. బత్తా వేళకు చేతిలో పడుట, సరుకు దించినచోట స్నానమునకు నీళ్ళుండుట, హమాలీలు ‘రావయ్యా డ్రైవరూ’ అనక ‘రండి’ అనుట, ఇవి శాలువకు మించిన గౌరవములు. 2025 అక్టోబరు 1 నుండి తయారగు పెద్ద లారీల క్యాబినులలో ఏ.సి. తప్పక ఉండవలెనని ప్రభుత్వము నియమము చేసినట్లు చదివి, వైశాఖమాసపు ఎండలో ఇంజను ప్రక్కన ఉడికిన నా మోకాళ్ళను తడుముకొని, సన్మానమనగా ఇది కదా యనుకొంటిని. కాని మీ కంపెనీ ఇచ్చునది శాలువయే అయినప్పుడు, ఆ శాలువనే సరిగా పంచవలెను.

నీవు చేయవలసినది కష్టమైనది కాదు, సిగ్గు కలిగించునది మాత్రమే. వచ్చు సోమవారము బండి కైకలూరునకు తిరిగివచ్చునని వ్రాసితివి. ఆఫీసునకు పోయి, జ్ఞాపికపై రెండవ పేరు చెక్కింపుడని అడుగుము. ఖర్చు వారు పెట్టకున్న నీవు పెట్టుము. ట్రిప్ షీటులో ఏ ఊరినుండి ఏ ఊరివరకు ఎవరు నడిపిరో వ్రాయుటకు ఒక గడి గీయింపుడని కూడ అడుగుము. గుమస్తా విసుగుకొనును, విసుగుకొననిమ్ము. బహుమానపు సొమ్ములో సగము అతని చేతికి నలుగురిలో ఈయవలదు, అది మరల నీ గొప్పతనపు ప్రదర్శన యగును. క్యాబినులో, బండి కదలకమునుపు ఇమ్ము.

నా తప్పు నేను ఒప్పుకొనుటకు ముప్పది ఏండ్లు పట్టినది. పని విరమించిన తరువాత ఒక పెండ్లికి విజయనగరము పోవుచు ఆనందపురము జంక్షనులో టీకి దిగగా, రోడ్డు ప్రక్క పంక్చరు షాపులో ట్యూబు నీటిలో ముంచి బుడగలు చూచుచున్న ఒకని కుడిచేయి కంటబడినది. మూడువ్రేళ్ళు. అతడే నన్ను ముందు పోల్చి బల్ల తుడిచి కూర్చుండబెట్టెను. నేను అంతయు చెప్పితిని. గడియారము విప్పి బల్లపై పెట్టితిని. అతడు చాలసేపు దానిని చూచి నవ్వి, ‘నువ్వు అప్పుడే చెప్పీసుంటావనుకున్నానన్నా. ఓనరు దగ్గిర గడియారం ఒకటే ఉందేటో అనుకున్నాను’ అన్నాడు. ముప్పది ఏండ్లు అతడు నన్ను గూర్చి అట్లు అనుకొనుచు బ్రతికెను.

వలదు వలదనుచునే పుచ్చుకొన్నాడు. ఇప్పుడది ఆ షాపులో గాలిగొట్టము ప్రక్కన మేకునకు వ్రేలాడుచున్నది. ప్రతి ఉదయమును ఆ మూడువ్రేళ్ళతోనే దానికి కీ ఇచ్చునట. మీ బండి అటు పోవునప్పుడు టైర్లలో గాలి అతనిచేతనే చూపింపుము. నా మనుమడవని చెప్పనక్కరలేదు. మీ సెకండ్ డ్రైవరును కూడ దింపి, ఇద్దరికిని టీ చెప్పుము.

ఇట్లు,
తాత