ఒక మనిషికి ఒకే చీటీ

వీసా మోసం అనగానే మనకు మోసపోయినవాడే గుర్తొస్తాడు. ఏజెంటుకు డబ్బు కట్టి, ఆ తర్వాత వాడు ఫోను ఎత్తక, ఇంట్లో చెప్పుకోలేక తిరిగేవాడు. నేను కొంతకాలంగా ఇంకో మనిషి గురించి ఆలోచిస్తున్నాను. అతను ఎవరికీ డబ్బు కట్టలేదు. నియమం ప్రకారం ఒకే చీటీ వేశాడు, రాలేదు. తనకు రావాల్సింది ఎవరిదో నాలుగో చీటీకి పోయి ఉండొచ్చని అతనికి ఎప్పటికీ తెలియదు. పేరు కూడా తెలియని ఆ మనిషికి మనం ఏమైనా బాకీ ఉన్నామా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురుపడలేదు. 2023 మార్చిలో మా చిన్నాయిన కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, ఒక కన్సల్టెన్సీవాళ్లు నాలుగు కంపెనీల నుంచి నా పేరు వేస్తమంటున్రు. నాలుగూ వాళ్లయే. ఏమంటవ్?" అన్నాడు. "దొరికితే కష్టంరా" అన్నాను. "దొరకకపోతే?" అన్నాడు. సరైన ప్రశ్నే. దొరుకుతామన్నది భయం. అది తప్పా కాదా అన్నది వేరే లెక్క.

మాది రామకృష్ణాపూర్. సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఉద్యోగం అంటే చాలాకాలం వారసత్వమే. తండ్రి బాయి దిగడం మానేస్తే కొడుకు దిగేవాడు. 1990 ప్రాంతంలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. ప్రభుత్వం తిరిగి తేవాలనుకున్న వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాల పేరుతో ఒక దారి మిగిలింది, అదీ తండ్రి చనిపోతేనో, అన్‌ఫిట్ అయితేనో. మిగతావాళ్లు ఇంజనీరింగ్, హైదరాబాద్, డాలస్ అనే వరుసలో పోయారు. పుట్టుక ఇచ్చే హక్కు నుంచి చీటీ ఇచ్చే హక్కుకు మారాం. నిజానికి మొదటిది కూడా లాటరీయే. ఎవరి కడుపున పుడతామో మనం వేసుకున్న చీటీ కాదు గదా.

చీటీ తీయడంలో ఒక ఒప్పుకోలు ఉంది: "మీరందరూ అర్హులే. ఎవరు ఎక్కువో తేల్చే అధికారం నాకు లేదు." తమిళనాట ఉత్తరమేరూరు గుడి గోడల మీద పదో శతాబ్దపు చోళ శాసనం ఉంది. ఊరి సంఘాలకు సభ్యుల్ని ఎలా ఎంచాలో అందులో రాశారు. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, చిన్నపిల్లవాడితో తీయించాలి. అంతకుముందు పనిచేసి లెక్కలు అప్పజెప్పనివాళ్ల పేర్లు ఆ కుండలోకే రాకూడదు. అంటే చీటీ న్యాయం చేతి దగ్గర మొదలవదు, కుండ దగ్గరే మొదలవుతుంది. లోపల ఎవరివి, ఎన్ని చీటీలు ఉన్నాయన్నదే అసలు విషయం.

మన దగ్గరే ఇంకో రకం లాటరీ ఉంది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పుడు దరఖాస్తుకు రెండు లక్షలు, తిరిగి రావు. ఒకరు ఎన్నైనా వేయొచ్చు. దాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే నియమం అందరికీ తెలుసు. అక్కడ అమ్ముతున్నది అవకాశాన్నే. పైసలున్నోడు ఎక్కువ కొనుక్కుంటాడు.

హెచ్-1బి అలాంటిది కాదు, కనీసం అలా ఉండకూడదు. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. 2023 మార్చిలో చీటీ ఖరీదు 10 డాలర్లే. అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994 పడ్డాయి. వాటిలో 4,08,891 ఒకటికి మించి దరఖాస్తులున్న వాళ్లవే. నిజంగా వేర్వేరు కంపెనీలు వేర్వేరు ఉద్యోగాలిస్తే అందులో తప్పు లేదు. కానీ అవకాశం పెంచడానికి ఇంకొకరితో కూడబలుక్కోలేదని ప్రతి కంపెనీ సంతకం పెట్టాలి. ఒకే గదిలో కూర్చున్న నాలుగు కంపెనీలు ఆ సంతకం పెడితే అది అబద్ధమే.

తర్వాతి ఏడాది నియమం మార్చారు. ఎన్ని కంపెనీలు వేసినా పాస్‌పోర్టును బట్టి ఒక మనిషికి ఒకే చీటీ అన్నారు అప్పుడు. అర్హమైన రిజిస్ట్రేషన్లు 4,70,342కు పడిపోయాయి. మనుషుల సంఖ్య మాత్రం రెండేళ్లూ దాదాపు నాలుగు లక్షల నలభై వేల దగ్గరే ఉంది. తగ్గినవి చీటీలే, ఆశలు కావు.

"అందరూ వేస్తున్నప్పుడు నేనొక్కణ్ణి వేయకపోతే ఏం మారుతది?" అన్నాడు తమ్ముడు. ఈ వాదనకు బలం ఉంది. అందరూ నాలుగేసి వేస్తే ఎవరి అవకాశమూ పెరగదు, ఒకటి వేసినవాడిది మాత్రం తగ్గుతుంది. కాబట్టి నాలుగు వేయడం ఆత్మరక్షణలా కనిపిస్తుంది. కానీ మనల్ని రక్షించుకుంటున్నది ఎవరి నుంచి? మోసం చేసినవాళ్ల నుంచి. నష్టపోయేది ఎవరు? మోసం చేయనివాడు. దొంగ నుంచి కాపాడుకోవడానికి పక్కింట్లో దొంగతనం చేసినట్టు. పక్కింటివాడి ముఖం కనిపించకపోవడం వల్లే ఇది ఇంత తేలికవుతుంది.

అలాగని మోసపోయినవాళ్ల మీదికి నీతి విసరడం నాకు నచ్చదు. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? మిషిగన్‌లో అమెరికా వలస అధికారులే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం అది. క్లాసులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. గుర్తింపు ఉన్నట్టు మాత్రం అధికారికంగానే కనిపించింది. చిక్కుకున్నవాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. తెలిసి చేరినవాళ్లు ఉన్నారు, గుర్తింపు చూసి నమ్మినవాళ్లూ ఉన్నారు. "అత్యాశకు పోయిన్రు" అని అందర్నీ ఒక గాటన కట్టేయడం మనకు సుఖం, అంతే.

తెలుసుకోగలిగినవి మాత్రం తెలుసుకోవాలి. అమెరికా డైవర్సిటీ వీసా లాటరీలో భారతదేశం అర్హుల జాబితాలో లేదు, కాబట్టి "గ్రీన్‌కార్డు లాటరీ తగిలింది, డబ్బు పంపండి" అనే మెయిల్ అబద్ధం. అర్హత ఉన్న దేశాలవాళ్లకు కూడా ఫలితం మెయిల్లో రాదు, వాళ్లే ప్రభుత్వ సైట్లో చూసుకోవాలి. గల్ఫ్‌కు పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. చట్టప్రకారం అతను తీసుకోగలిగింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షల్లో అడిగితే అతను అమ్ముతున్నది సేవ కాదు, గ్యారంటీ. చీటీ ఆటలో గ్యారంటీ ఉన్నదంటే రెండే అర్థాలు. మనల్ని మోసం చేస్తున్నాడు, లేదా మనకోసం ఇంకొకర్ని మోసం చేస్తున్నాడు. మొదటిదాన్ని గురించే మనం జాగ్రత్తలు చెప్పుకుంటాం. రెండోదానికి స్వీట్లు పంచుకుంటాం.

ఆ ఏడాది తమ్ముడు ఒక్కటే వేయించుకున్నాడు. రాలేదు. "నువ్వు నీతి చెప్తివి, వానికి నౌకరి పాయె" అన్నాడు చిన్నాయిన. ముప్పై ఏళ్లు బాయి దిగిన మనిషి, గ్రాట్యుటీలో చాలా భాగం కొడుకు చదువుకే పెట్టాడు. ఆయనకు చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. నష్టం ఆయన ఇంట్లో ఉంది, కళ్లముందు. లాభం ఎక్కడో, గుంటూరులోనో మనీలాలోనో, పేరు తెలియని ఒకడికి, అదీ ఏ లెక్కకూ అందనంత చిన్నది.

అయినా ఆ చిన్నదాన్ని తీసేయలేను. ఒకే చీటీ వేసి ఓడినవాడు నిజంగానే అదృష్టానికి ఓడాడా, మనకు ఓడాడా అన్నది తేల్చేది అదొక్కటే.