కుర్చీ దిగిన మనిషి

కోల్‌కతాలో మెటియాబ్రుజ్ సందుల్లో నడిస్తే చెప్పులకు దారప్పోగులు అంటుకుంటాయి. ఏ గుమ్మంలోంచి చూసినా కుట్టుమిషనే. ఆ చప్పుడు దాటుకుని సిబ్తైనాబాద్ ఇమాంబారాలోకి వెళ్తే అవధ్ నవాబు వాజిద్ అలీ షా సమాధి. 1856లో ఇంగ్లీషువాళ్లు గద్దె దింపేస్తే ఇక్కడికొచ్చి, పోగొట్టుకున్న లక్నోను హుగ్లీ ఒడ్డున మళ్లీ కట్టుకోవాలని చూశాడు. 1887లో కన్నుమూశాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది ఆ ఏడాదే. దాని పెద్దాఫీసు తర్వాత ఈ నది గట్టునే, గార్డెన్‌రీచ్‌లో వెలిసింది.

అందుకే ఆ సమాధి ముందు నాకు కార్మిక నాయకుడు వి.వి. గిరి గుర్తొచ్చారు. మా తాత ఆ రైల్వే ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఖలాసీ. శ్రీకాకుళం నుంచి పొట్ట చేతబట్టుకొచ్చిన మాలాంటివాళ్ల ఇళ్లలో ఆయన్ని 'గిరిగారు' అనేవారు, ఇంటి పెద్దను అన్నట్టు. 1920ల చివర బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె నడిపింది ఆయనే. 1937లో మద్రాసులో రాజాజీ దగ్గర, 1946లో ప్రకాశం దగ్గర, 1952లో ఢిల్లీలో నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి.

1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. అందుకు గిరి రాజీనామా ఇచ్చేశారు. నేను మాటిమాటికీ ఆగిపోయేది ఇక్కడే. నవాబును దింపారు, ముప్ఫై ఏళ్లు ఆ బెంగతోనే బతికాడు. గిరిని ఎవరూ దింపలేదు. కార్మికుడికి దక్కిన తీర్పును కాపాడలేని శాఖ తనకెందుకనుకుని ఉంటారు. మూడేళ్లకు పార్వతీపురంలో ఓడిపోయారు కూడా. గవర్నరు పదవులు ఆ తర్వాత వచ్చినవి.

అయితే 1974 మే నెల మాట ఉంది. రైల్వే సమ్మెతో దేశమంతా రైళ్లు ఆగాయి. సమ్మెకు ముందుండి నిలిచిన రైల్వే కార్మికుల సమాఖ్యను తొలినాళ్లలో నిలబెట్టినవాళ్లలో గిరి ఒకరు. వేలమందిని జైళ్లలో పెట్టారు. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆయనే. ఈసారి కుర్చీ దిగలేదు. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు కట్టుబడి ఉండాలని నాకు తెలుసు. పదవీకాలం మూడు నెలలే మిగిలిందనీ తెలుసు. ఎన్ని చెప్పుకున్నా నా మనసు కుదుటపడదు. 1954 నాటి మనిషి మీద అంత ప్రేమ లేకపోతే ఈసారి ఎందుకు దిగలేదన్న ప్రశ్న నన్ను ఇంతగా తొలిచేది కాదు.

మా ఇంట్లో గిరిగారి ఫొటో ఉండేది. రోజూ పొద్దున్నే స్నానం చేశాక తాత తన తువ్వాలుతో దాని అద్దం తుడిచేవాడు. సమ్మె జరిగిన ఆ ఇరవై రోజులూ ఫొటో గోడ మీదే ఉంది. తాత మాత్రం అద్దం తుడవలేదు.