మేత పిలుపు

బెర్ట్రండ్ రసెల్ కోడి కథ ఫిలాసఫీ చదవనివాళ్ళకి కూడా ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. 1912లో వచ్చిన 'ది ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ'లో ఉంది. రోజూ మేత వేసే మనిషే చివరికి ఒకనాడు దాని మెడ విరిచేస్తాడు. నిన్నటిదాకా జరిగింది కాబట్టి రేపూ జరుగుతుందని నమ్మడం ఎంతవరకు సబబు అన్నది అక్కడ ప్రశ్న. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి నేనూ చాలాకాలం కోడివైపు నుంచే ఆలోచించాను, డేటాని నమ్మి మోసపోయిన పాపం కోడి అని. 2020లో ఆరు పుంజుల్ని పెంచాక మాత్రం ఆ మనిషి సంగతేమిటి అనిపించడం మొదలైంది. అన్నాళ్ళూ అతను వేసిన మేత అబద్ధమేనా?

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఆ ఏడు ఆఫీసు లాప్‌టాప్‌తో సహా అమ్మ దగ్గరికి చేరాం. ఒక పొద్దున్న మోపెడ్ మీద రంగు కోడిపిల్లలు వచ్చాయి. ఆరేళ్ళ మా పాప కదలనంది. పదేసి రూపాయలకి పది కొన్నాం. గుడ్ల కోళ్ళ హేచరీలో వద్దనుకున్న మగపిల్లలని అమ్మేవాడే చెప్పాడు, దాపరికమేం లేదు. ఆ జాతి మగపిల్ల గుడ్డు ఎలాగూ పెట్టదు, బ్రాయిలర్‌లా ఆరు వారాల్లో రెండు కిలోలు తూగదు. అందుకే చాలా దేశాల్లో పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది.

అట్టపెట్టెలో ఊక పోసి, పైన అరవై వాట్ల బల్బు వేలాడదీశాను. మొదటి వారం ముప్పై అయిదు డిగ్రీలుండాలి, తర్వాత వారానికి మూడేసి తగ్గించాలి. నేను థర్మామీటర్ తెప్పించాను. అమ్మ దాని వంక చూడను కూడా చూడలేదు. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, ముక్కులు తెరుచుకుని మూలలకి పోతుంటే వేడి, పెట్టెంతా చల్లుకున్నట్టు పడుకుంటే సరిపోయినట్టు. థర్మామీటర్ చెప్పేదానికీ దీనికీ ఎప్పుడూ తేడా రాలేదు. ఒకటి నీళ్ళ పళ్ళెంలో పడి చచ్చిపోయాక పళ్ళెంలో గోళీలు వేశాం. రెండు ఉన్నట్టుండి ముడుచుకుని పోయాయి. ఒకదాన్ని కాకి ఎత్తుకుపోయింది. మిగిలినవాటికి కొక్కెర తెగులు రాకుండా కంట్లో మందు చుక్కలు వేయించాం.

మూడు వారాలకి రంగులు రాలిపోయి తెల్లటి ఈకలొచ్చాయి. గులాబీరంగు దానికి పాప అప్పటికే పింకీ అని పేరు పెట్టేసింది. తెల్లటి పుంజు పేరు పింకీ. కోళ్ళకి పేర్లేమిటని అమ్మ విసుక్కుంది. ఆవిడ వాటిని లెక్కపెట్టేది, పిలిచేది కాదు. నేను మాత్రం పొద్దున్నా సాయంత్రం నూకలు పట్టుకుని నాలుకతో ట్టొ ట్టొ ట్టొ అనేవాణ్ణి. ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవి. పింకీ నా మోకాలి మీదకి ఎగిరి కూర్చునేది. నిజం చెప్పొద్దూ, ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నాకంత గర్వంగా అనిపించలేదు.

ఐదో నెలకి ఆరూ ఒకదాన్నొకటి నెత్తురొచ్చేలా పొడుచుకోవడం, తెల్లవారుజామున నాలుగింటికి పోటీపడి కూయడం. పక్కింటివాళ్ళు రెండుసార్లు వచ్చి చెప్పారు. "కోసేద్దాంరా, ఇంక వీటికి తిండి దండగ," అంది అమ్మ. నా దగ్గర అప్పటికే ఒక సమర్థన సిద్ధంగా ఉంది. మేం కొనకపోతే ఇవి ఎప్పుడో పోయేవి, ఈ ఐదు నెలలూ మేమిచ్చినవే కదా అని. చాలా అనుకూలమైన వాదన. నీళ్ళలోంచి పైకి లాగిన మనిషిని తర్వాత ఏం చేసినా ఒప్పే అని కూడా దీంతోనే రుజువు చెయ్యొచ్చు.

మొదటిదాన్ని పట్టుకోవడానికి నూకలు తీసుకుని పెరట్లోకి నడిచాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"మేతకని పిలిచి పట్టుకోకూడదురా."

"ఏం?"

"పట్టుకోకూడదంతే. చీకటి పడనీ."

రాత్రి అవి దండెం మీద ముడుచుకున్నాక తనే వెళ్ళి ఒకదాన్ని చంకలో పెట్టుకుని తెచ్చింది. అది కిక్కురుమనలేదు. మర్నాడు మళ్ళీ అడిగితే, "మిగతావి రేపు నువ్వు పిలిస్తే వస్తాయా?" అంది. అదా సంగతి అనుకున్నాను. అమ్మ మాటలో ఏదో పెద్ద ధర్మం ఉందని నిన్నంతా ఊహించుకున్నందుకు నవ్వొచ్చింది. సిస్టమ్‌ మీద నమ్మకం పాడుచెయ్యకూడదు, అంతే.

నెలన్నరలో ఐదూ అయిపోయాయి. పింకీ ఒక్కటే మిగిలింది. భయపడ్డానికి, చూసి నేర్చుకోడానికి పెరట్లో ఇంకో కోడి లేదు. సాయంత్రం ఐదింటికి అది నా కాళ్ళ దగ్గరే తిరుగుతోంది, వంగితే దొరుకుతుంది. అమ్మ ఆ రోజు కూడా చీకటి పడేదాకా ఆగింది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఇంకో లెక్కేదో చెప్పేదేమో.

పుంజుకి దీనివల్ల ఒరిగిందేమీ లేదు, ఒప్పుకుంటాను. పగలైనా రాత్రైనా కత్తి ఒకటే. ఆ తేడా మనిషి తన కోసం గీసుకున్న గీత అంటే కాదనలేను. కానీ రసెల్ కథలో మనిషిని తలుచుకున్నప్పుడల్లా నాకిప్పుడు అడగాలనిపించేది ఇదొక్కటే: చివరిరోజు దాన్ని ఎలా పట్టుకున్నాడు? రోజూ వేసిన మేత అబద్ధం కాదనే నా నమ్మకం. వేసినప్పుడు అది మేతే, దాని కడుపు నిండింది. ఆఖరిసారి గింజలు చూపించి పిలిచి ఉంటే మాత్రం వెనకటి పిలుపులన్నీ కూడా అబద్ధాలైపోతాయి.

ఆదివారం చికెన్ షాపు ముందు నిలబడినప్పుడు ఈ బాధేం ఉండదు. అక్కడ దాన్ని నేను పిలిచింది లేదు. స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా అంటాడు, చెప్తాను. ఐదు నెలల పెంపకం తర్వాత కూడా షాపుకి వెళ్ళడం మానలేదు, మానతానని కూడా అనుకోను.

పింకీని మామిడితోటలోకి పంపించేశామని పాపకి చెప్పాం. అమ్మ కాదు, నేనే చెప్పాను. ఆ రాత్రి కంచంలో ముక్కలన్నీ పక్కకి తీసి పెట్టి, పులుసు మాత్రం కలుపుకుని తింది. ఎందుకని మేమెవరం అడగలేదు.