అదురు ఒకటే, నడక వేరు

న్యూజెర్సీలో ఓ డైనింగ్ టేబుల్ మీద, గరాజ్ సేల్‌లో కొన్న పాత ఎలక్ట్రిక్ ఫుట్‌బాల్ బోర్డు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలా రంగులు వేసిన రేకు, దాని కింద ఒక కాయిల్, పైన జట్టుకు 11 ప్లాస్టిక్ బొమ్మలు. 1949లో న్యూయార్క్‌లోని ట్యూడర్ కంపెనీ నుంచి నార్మన్ సాస్ తెచ్చిన ఆట ఇది. స్విచ్ వేస్తే రేకు అదురుతుంది, బొమ్మలు కదులుతాయి. ఎటు కదులుతాయన్నదే మేనల్లుడి బాధ. మేనమామ విద్యుత్ శాఖలో చేసి రిటైరైన మనిషి.

అల్లుడు: మామయ్యా, వీళ్ళు టచ్‌డౌన్ గీత వైపు పోకుండా గుండ్రంగా తిరుగుతున్నారు. మోటారు స్పీడు పెంచనా?

మామయ్య: మోటారంటారు గానీ ఇందులో తిరిగేదేమీ లేదురా. కాయిల్ ఒక ఇనప పట్టీని లాగుతుంది, వదులుతుంది. మీ కరెంటు సెకనుకు 60 సైకిళ్ళు, సైకిల్‌కు రెండు లాగుళ్ళు, వెరసి 120. మన ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనేదీ ఇలాగే, కాకపోతే అక్కడ 100. స్పీడు కోసమని పెట్టిన ఈ స్క్రూ ఆ లెక్కను మార్చలేదు. కాయిల్‌కీ పట్టీకీ మధ్య సందును మారుస్తుంది, దాంతో దెబ్బ బలం మారుతుంది.

అల్లుడు: బలం పెరిగితే మంచిదేగా?

మామయ్య: తిప్పి చూడు.

(తిప్పాడు. గుయ్యిమనే చప్పుడు కాస్తా టకటకలాడింది. ఇనుము ఇనుముకు కొట్టుకుంటోంది. బొమ్మలు నడక మానేసి గెంతాయి. రెండు బోర్లా పడ్డాయి.)

మామయ్య: కాలు రేకుకు ఆనితేనే కదా ముందుకు తోసేది! గాల్లో ఉన్నవాడికి దిక్కేముంటుంది? చప్పుడు సాఫీ అయ్యేదాకా వెనక్కి తిప్పు. మెల్లగానైనా ఆగకుండా నడిచే చోట ఆపెయ్.

అల్లుడు: ఆపాను. ఇంకా గుండ్రంగానే పోతోంది.

మామయ్య: తిరగేసి చూడు. కింద వెనక్కి వాలిన సన్నటి పుల్లలున్నాయా? ఒక పక్కవి బాగా వాలాయి, రెండో పక్కవి నిటారుగా ఉన్నాయి. తోపు సమానం కాకపోతే తిరక్క ఏం చేస్తుంది? మెల్లగా వంచు, విరుగుతాయి.

అల్లుడు: అయితే ఆడేదెవరు మామయ్యా? స్విచ్ వేశాక నేను చేతులు కట్టుకుని చూడ్డమేగా. అంతా విధి.

మామయ్య: విధి అంటే ఆ అదురు. ఇరవై ఇద్దరికీ ఒకటే. పుల్ల వంచడం, బొమ్మను ఎటు తిప్పి నిలబెట్టాలో చూసుకోవడం, అదీ నీ పురుషకారం. స్విచ్ వేసేలోపే చెయ్యాలి.

అల్లుడు: ఇరవై ఇద్దరికీ ఒకటే అంటే ఒప్పుకోను. ఇదే బొమ్మ నడిమధ్య తిన్నగా పోయింది, ఈ మూలకొచ్చి పక్కకి జారుతోంది.

(మామయ్య వంగి, ఒక కన్ను మూసి, రేకు మట్టం చూశాడు.)

మామయ్య: నిజమేరా. రేకు ఇక్కడ కుంగింది. పైగా ఫ్రేముకు బిగించిన అంచుల్లో ఒకలా, మధ్యలో ఒకలా అదురుతుంది.

అల్లుడు: మరి న్యాయమెక్కడ?

మామయ్య: ఆ మూల కింద అట్టముక్క పెట్టు. అప్పటికీ పోకపోతే వైపులు మార్చుకోండి. అసలు ఆటలోనూ మొదటి, మూడో క్వార్టర్లు అయ్యాక మారతారుగా. ఆట మధ్యలో మాత్రం స్క్రూ ముట్టుకోకు. ఓడిపోయేవాడికే స్పీడు చాల్లేదనిపిస్తుంది.

ఈ వాదంలో అల్లుడిదే పైచేయి అని నా తీర్పు. మామయ్య విధినీ పురుషకారాన్నీ చక్కగా విడదీశాడు గానీ, నేల మట్టాన్ని రెండింట్లో దేనికిందా వెయ్యలేదు.

ఇలాంటి బోర్డు ఇండియాకు తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట. ఇది 110 వోల్టుల సరుకు. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాయిల్ మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా మన కరెంటుకు సెకనుకు 100 అదురులే కాబట్టి, స్క్రూ మళ్ళీ మొదటినుంచీ సర్దుకోవాలి.