రక్తంలో అవయవాల జాడ: ఒక హేతు విచారం

ప్రాణమున్న దేహం లోపలి సంగతిని దేహాన్ని కోయకుండా తెలుసుకోవడం సాధ్యమా, తెలిసిందనుకున్నది నిజమని దేన్ని బట్టి నమ్మాలి అన్నవి తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్నలు. కడప జిల్లా కందిమల్లయపల్లెకు చెందిన పోతులూరి వీరబ్రహ్మం గాథల్లో కక్కయ్య కథ మొదటి ప్రశ్నను నేరుగా తాకుతుంది. దేహంలో ఉంటాయని యోగం చెప్పే షట్చక్రాల గురించి బ్రహ్మంగారు శిష్యుడు సిద్ధయ్యకు బోధిస్తుంటే విన్న కక్కయ్య, వాటిని కళ్లారా చూడాలని భార్య దేహాన్ని చీల్చాడు. రక్తమాంసాలు తప్ప ఏమీ కనపడలేదు. బ్రహ్మంగారు ఆమెను బతికించి అతని అజ్ఞానం పోగొట్టారని చెబుతారు. ప్రాణం తీసి ప్రాణి గురించి తెలుసుకోలేమన్నది కథాసారం.

వైద్యానికీ ఈ చిక్కే ఉంది. మెదడు నుంచి పరీక్షకు ముక్క తీయడం చాలాసార్లు కుదరదు. అయితే కణాలు కొవ్వు పొర చుట్టిన సూక్ష్మమైన తిత్తులను బయటికి వదులుతుంటాయి. వీటినే ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికిల్స్ అంటారు. వాటిలో ఎక్సోజోములనే చిన్న రకం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటుంది. పుట్టిన కణం తాలూకు ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ వాటిలో ఉంటాయి. అవి రక్తంలోకీ చేరతాయి. కానీ రక్తంలోని తిత్తుల్లో అధిక భాగం ప్లేట్‌లెట్లు, ఇతర రక్తకణాల నుంచి వచ్చినవే. ఒక అవయవం వాటా చాలా స్వల్పం. అందుకే ఆ అవయవానిదని భావించే ఉపరితల ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీతో వాటిని ఏరుతారు.

ఇలా ఏరడం న్యాయదర్శనం చెప్పే అనుమాన ప్రమాణమే, అంటే గుర్తును బట్టి కనపడనిదాన్ని తెలుసుకోవడమే. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ప్రకారం, పొగను బట్టి నిప్పును ఊహించాలంటే ఆ రెండింటికీ వ్యాప్తి, అంటే తప్పని సంబంధం, ఉండాలి. నిప్పు లేనిచోట కూడా కనిపించే గుర్తు వ్యభిచరిస్తుంది, అంటే దారి తప్పుతుంది; అది హేత్వాభాసం, అంటే హేతువులా కనిపించే దోషం.

ఎల్1క్యామ్ అనే ప్రొటీన్ విషయంలో జరిగింది ఇదే. నాడీకణాల తిత్తులకు గుర్తుగా దాన్ని ఏళ్ల తరబడి వాడారు. కానీ మూత్రపిండాల వంటి చోట్లా అది ఉంటుంది. పైగా ప్లాస్మాలో కనిపించేది తిత్తులకు అంటుకుని కాక, విడిగా తిరుగుతున్నదేనని 2021లో వెలువడిన ఒక పరిశోధన చూపింది.

కాబట్టి గుర్తును అన్వయ వ్యతిరేకాలతో, అంటే ఉండాల్సిన చోట ఉందా, ఉండకూడని చోట లేదా అని, పరీక్షించాలి. అది తిత్తి మీదే ఉందా, లోపలి సరుకు కూడా ఆ అవయవానిదేనా అని చూడడం అన్వయం. ప్రోస్టేట్‌కు గుర్తు అనుకున్నది స్త్రీల రక్తంలోనూ అంతే దొరుకుతోందా అని చూడడం వ్యతిరేకం.

ఇంత చేసినా తేలేది తిత్తి పుట్టిన చోటు మాత్రమే. ఆ తిత్తిని బట్టి రోగాన్ని నిర్ధారించడం మరో అనుమానం. దానికి వేరే వ్యాప్తి కావాలి. రెండూ రుజువయ్యేదాకా ఆ ఫలితం సంశయమే. సంశయాన్ని నిర్ణయంగా రోగికి చెప్పడం అధర్మం.