ముగియని ఉపవాసము

లింగమునకర్పించి స్వీకరించిన అన్నము ప్రసాదమగును. అట్టి పళ్ళెము ముందు కూర్చుండి, నాలుగు మెతుకులు కదిపి, ఉపవాసమని లేచిపోవు కన్నెపిల్లను చూచి కొందరు పెద్దలు నిష్ఠ యని మురియుదురు. శివరాత్రి ఉపవాసము మరునాటి పారణతో ముగియును. ఇది ముగియదు. 1873లో లండనున విలియం గల్, పారిసున లాసేగ్ వర్ణించిన ఈ వ్యాధిని వైద్యులు అనొరెక్సియా నెర్వోసా అందురు.

ఎముకలు తేలినను లావైతినను భయము, ఎండలోను చలి, కళ్ళు తిరుగుట, ముట్లు నిలుచుట దీని గుర్తులు. మరికొందరు తిని, రహస్యముగా వాంతి చేసికొందురు. వారికి దంతములు అరుగును, పొటాషియము తగ్గి గుండె లయ తప్పును. బాలురకును ఇది రాకపోదు.

తిట్టుట వలన ప్రయోజనము లేదు. చిక్కి శల్యమైనవారికి ఒక్కమారుగా విందు పెట్టుట మరింత ప్రమాదము: రక్తమున భాస్వరము పడిపోయి ప్రాణమే పోవచ్చును. వైద్యుని కనుసన్నలలో మెల్లగా పెంచవలెను. మనోవైద్యుని చూచుట వంశమునకు మచ్చ యనువారు ఆ మాట మానుట మంచిది. తలిదండ్రులే ప్రతి పూట చెంత కూర్చుండి తినిపించు చికిత్స 1980లలో లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపొంది, చిన్నవయసువారికి మేలు చేసినది.

ఉపవాసదీక్ష కోరి మఠమునకు వచ్చిన పిల్లను స్వామివారు ముందుగా, "తల్లీ, కడుపునిండ ఎన్నడు తింటివి?" అని అడుగవలెను. ఆమె తల వంచుకొన్నచో, ఆనాడే తలిదండ్రులను పిలిపింపవలెను.